ఆరంభమే గాని అంతము లేని మాత్ర

పత్తితీతలు ముగియవచ్చి మిరపకోతలు సాగుచున్న దినములలో ఒక వారము పెదనందిపాడు ప్రాంతపు పల్లెలలో మా సేవకబృందముతో కలిసి తిరిగితిని. వృద్ధుల పింఛను కాగితములను, కౌలుపత్రములను చూచి సలహా చెప్పుట నా వంతు. ఏ యింటికి పోయి "కాగితముల సంచి తెండమ్మా" యన్నను వారు రెండు సంచులు తెచ్చి ముందుంచిరి. ఒకటి కాగితములది, రెండవది మందులది. ఆ రెండవ సంచిలో రక్తపుపోటు మాత్రలుండవచ్చును, ఉండకపోవచ్చును. మధుమేహపు మాత్రలుండవచ్చును, ఉండకపోవచ్చును. కాని కడుపులోని ఆమ్లమును తగ్గించు మాత్ర లేని సంచి నా కంటికి దాదాపు కానరాలేదు.

"ఇది యెందులకు వేసికొనుచున్నావమ్మా?" యని యొక వృద్ధురాలి నడిగితిని.

"గ్యాసుకు బాబూ. పెద్దాసుపత్రిలో రాశారు."

"ఎప్పుడు?"

"మా పెద్దోడి పెళ్ళికి ముందటేడు. జ్వరమొచ్చి నాలుగు రోజులున్నా గదా, అప్పుడు."

ఆ పెద్దవాని కొడుకు ఇప్పుడు బడికి పోవుచున్నాడు.

పరుల యింటి సంగతి యెందులకు? మా మేనత్తకు తుంటి యెముక విరుగగా ఒక ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగెను. నొప్పి తగ్గుటకు మాత్రలిచ్చిరి. ఆ నొప్పిమాత్రలు కడుపును పుండుచేయకుండుటకు తోడుగా ప్యాంటోప్రజోలు ఇచ్చిరి. వృద్ధురాలు గనుక అది యుక్తమైన పనియే. మూడు వారములకు నొప్పిమాత్రలు నిలిచిపోయినవి. వానికి కాపుగా వచ్చిన మాత్ర మాత్రము నాలుగేండ్లు సాగెను. పంట యింటికి చేరిన తరువాతను కావలివాడు మంచె దిగలేదు! తుదకామెకు పిక్కలు పట్టివేయుట, చేతులు వణకుట మొదలుకాగా, ఒక వైద్యుడు రక్తపరీక్ష చేయించి మెగ్నీషియము మిక్కిలి తగ్గియున్నదని కనుగొని, "ఈ మాత్ర యింతకాలము వాడుమని మీతో ఎవరు చెప్పిరి?" అని యడిగెను. ఎవరును చెప్పలేదు. ఆపుమని కూడ ఎవరును చెప్పలేదు. ఆసుపత్రి విడిచిననాడు వారిచ్చిన ఇంగ్లీషు కాగితమును చదివి మందులు వివరించినవాడను నేనే. ఇరువదియేండ్లుగా కౌలుపత్రమున గడువు లేనిదే సంతకము పెట్టవద్దని కక్షిదారులకు బోధించుచున్న నేను, ఆ మాత్రకు గడువు వ్రాయలేదన్న సంగతిని గమనింపనైతిని.

నేను వైద్యుడను గాను. కనుక ఈ మందుల నిందించుటకు గాక, వీని వాడుకలోని అవ్యవస్థను గూర్చి మాత్రమే వ్రాయుచున్నాను. నిజమునకు ఈ మందులు మానవజాతికి జరిగిన మహోపకారములలో చేరినవి. ఆమ్లమును తగ్గించు మందులలో జేమ్స్ బ్లాక్ కనుగొనిన సిమెటిడిను 1976లో వచ్చెను. అంతకు పూర్వము కడుపులో పుండు ముదిరినవాడు కత్తికి మెడయొగ్గవలసినదే. 1988లో స్వీడను దేశమునుండి ఒమెప్రజోలు వచ్చెను. ఇది జీర్ణాశయపు గోడలలో ఆమ్లమును బయటికి తోడు యంత్రమునే, అనగా ప్రోటాను పంపునే, బంధించును. దీని యనంతరము ప్యాంటోప్రజోలు, రాబెప్రజోలు, ఎసొమెప్రజోలు మొదలగు సోదరులు బయలుదేరిరి.

ఇందు మన జిల్లాకును కొంత కీర్తి కలదు. 1970 నాటి పేటెంటుల చట్టము మందునకు గాక దానిని చేయు విధానమునకు మాత్రమే హక్కు నిచ్చుటచేత, మనవారు వేఱు విధానమున అదే మందును చేయుటకు దారి యేర్పడెను. 2005లో ఆ చట్టము సవరింపబడు వఱకును ఈ సదుపాయము నిలిచెను. తాడేపల్లిలో పసుపు రైతు యింట బుట్టి, గుంటూరు ఏ.సి. కళాశాలలో చదివి, 1984లో హైదరాబాదున ఔషధాలయమును స్థాపించిన కల్లం అంజిరెడ్డిగారు ఒమెజ్ అను పేరుతో ఒమెప్రజోలును దేశమునకందించి, రష్యా వఱకును పంపిరి. సామాన్యునకు అందరాని మందు సామాన్యుని సంచిలోనికి వచ్చినదనిన, అది స్వదేశపరిశ్రమ సాధించిన విజయమే. కాని చవుకయైన వస్తువునెడల లెక్క తప్పుట లోకసహజము. ఖరీదైన మందును వ్రాయునపుడు వైద్యుడు ఒకమాఱు ఆలోచించును; కొనువాడు రెండుమాఱులు ఆలోచించును. చవుకమందు విషయమున ఇద్దఱును ఆలోచింపరు.

ఆసుపత్రిలో ఇది యెట్లు మొదలగుచున్నదో చూడుడు. రోగి చేరును. జ్వరము కావచ్చును, ఆయాసము కావచ్చును, కాలు విరుగుట కావచ్చును. చేరినవెంటనే సెలైనుతోపాటు ఉదయమొకటి, సాయంకాలమొకటి ఈ సూదిమందు పడును. ఏల యనగా "కడుపులో పుండు పడకుండుటకు" అందురు. ఈ భయమునకు మూలమున్నది. ప్రాణాపాయస్థితిలోనున్నవారికి జీర్ణాశయమున పుండ్లుపడి రక్తము స్రవించుట కద్దు. కాని యెవరికి? డెబోరా కుక్ మొదలగువారు 1994లో ప్రకటించిన పరిశీలనలో ముఖ్యముగా రెండు తెగలవారే తేలిరి: నలువదియెనిమిది గంటలకు మించి శ్వాసయంత్రముపై నున్నవారు, రక్తము గడ్డకట్టు శక్తి సన్నగిల్లినవారు. 2018లో ప్రకటితమైన యూరపు పరిశోధనలో తీవ్రచికిత్సా విభాగములలోని 3,298 మంది రోగులను రెండు తెగలుగా విభజించి, ఒక తెగకు ప్యాంటోప్రజోలును, మఱొకదానికి ఉత్తమందును ఇచ్చిరి. మరణములలో భేదము కానరాలేదు. 2024లో కుక్ బృందమే శ్వాసయంత్రముపై నున్న 4,821 మందిని పరిశీలింపగా, గణనీయమగు రక్తస్రావము మందు పొందినవారిలో నూటికి 1.0, పొందనివారిలో 3.5 చొప్పున నుండెను. మరణములలో మాత్రము అప్పుడును భేదము లేదు.

ఈ లెక్కలు ఏమి చెప్పుచున్నవి? శ్వాసయంత్రముపై నున్నవానికి ఈ మందు మేలు చేయును, ఇయ్యవలసినదే. కాని డెంగ్యూ కాని జ్వరముతో చేరి, నడచి స్నానమునకు పోయి, యింటినుండి వచ్చిన యిడ్లీలు తినుచు మూడవనాడు వార్డులో చీట్లాడుచున్న వానికి శ్వాసయంత్రపు రోగికిచ్చు కాపుదల యెందులకు? ఒకవేళ ఇచ్చిరే యనుకొందము. వాడు ఇంటికి పోవునపుడు ఆ మందు వానితో నేల పోవలెను? తీవ్రచికిత్సా విభాగమున మొదలైనది సాధారణ వార్డునకు, వార్డులోనిది విడుదల చీటీకి, చీటీలోనిది మందుల దుకాణమునకు, అటనుండి జీవితాంతమునకు ప్రయాణము చేయుచున్నది. ప్రతి మజిలీయందును దానిని వెనుకటివాడు ఏదో కారణముచేత వ్రాసియుండునని ముందటివాడు తలచును. న్యాయస్థానములలో వాయిదాపడిన వ్యాజ్యమువలె అది చేతులు మాఱుచు బ్రతుకును.

ఇక్కడ మన మెట్టపొలముల కథ యొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. 1980 దశకమున గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిరైతు పురుగు కనబడినను కనబడకున్నను తిథివార నక్షత్రములు చూచినట్లు దినములు లెక్కించి మందు కొట్టెను. పైరిత్రాయిడు మందులు క్రొత్తగా వచ్చినవి. కొట్టినకొలది చేను కళకళలాడుచున్నట్లే యుండెను. మిత్రకీటకములు నశించినవి. తెల్లదోమ విజృంభించెను. 1987-88లో పంట నేలకూలెను. అప్పులపాలైన రైతులు ఆ పురుగుమందునే త్రాగి ప్రాణములు విడిచిరి. ఆ తరువాతగాని చేనిలో పురుగును లెక్కించి, నష్టపరిమితిని మించినపుడే మందు కొట్టవలెనన్న మాట మనవారి చెవి కెక్కలేదు. వ్యాధి లేనపుడు కొట్టిన మందు, కొంతకాలమునకు తానే వ్యాధిని తెచ్చి, మఱల తన్నే కొనిపించును.

ఇది ఉపమానము మాత్రమే యనుకొనవద్దు. 2009లో డెన్మార్కున ఒక పరిశోధన జరిగెను. కడుపుమంట యెట్టిదో యెఱుగని 120 మంది ఆరోగ్యవంతులను రెండు తెగలుగా చేసి, ఒక తెగకు ఎనిమిది వారములు ఎసొమెప్రజోలు నిచ్చి, పిమ్మట ఆపిరి. ఆపిన తరువాతి వారములలో మందు వాడినవారిలో నూటికి 44 మందికి గుండెమంట, పులిత్రేనుపు వంటి బాధలు కలిగెను. ఉత్తమాత్ర వాడినవారిలో 15 మందికే కలిగెను. బంధింపబడిన యంత్రము బంధము వీడగానే రెట్టింపు బలముతో ఆమ్లమును తోడుటచేత ఇట్లు జరుగును. మా మేనత్త మాత్ర ఆపిన నాలుగవనాడు "నా కడుపు మండిపోవుచున్నది, ఇది లేనిది నేను బ్రతుకను" అన్నది. బాధ నిజమే. కాని అది పాతవ్యాధి తిరిగివచ్చుట కాదు. మందు పెట్టిన బాధ. వైద్యుని సలహాపై మోతాదు సగము చేసి, పిమ్మట దినము విడిచి దినము ఇచ్చి, ఆఱు వారములలో మాన్పించితిమి. ఈ సంగతి యెఱుగనివాడు రెండవనాడే దుకాణమునకు పరుగెత్తి, ఆ మందు తనకు జన్మహక్కని నిశ్చయించుకొనును.

దీర్ఘకాలము వాడుటవలన కలుగు హానిని గూర్చి న్యాయముగా చెప్పవలెను. ఎముకలు పెళుసగుట, బి-12 తగ్గుట, న్యుమోనియా మొదలగునవి కొన్ని పరిశీలనలలో కనబడినవి. అయినను 17,598 మందిని మూడేండ్లపాటు గమనించి 2019లో ప్రకటించిన పరిశోధనలో ప్రేగులకు సోకు అంటురోగములు కొంచెము హెచ్చుట తప్ప, తక్కిన హానులు స్థిరపడలేదు. కాబట్టి ఈ మాత్ర విషమని చాటువారిని నమ్మరాదు. మెగ్నీషియము తగ్గుటను గూర్చి అమెరికా ఔషధశాఖ 2011లో హెచ్చరించినది. మూత్రపిండములకు ఆకస్మికముగా హాని కలుగవచ్చునన్న హెచ్చరికను మందు కరపత్రమున చేర్పవలెనని మన ఔషధ నియంత్రణాధికారి 2019లో ఆదేశించెను. ఈ హాని అరుదు. కాని కనిగిరి, పొదిలి, మార్కాపురము ప్రాంతములలో ఫ్లోరైడు నీరు త్రాగి, యెముకల నొప్పులకు ఏండ్ల తరబడి నొప్పిమాత్రలు మ్రింగుచున్న బీదజనుల మూత్రపిండములపై, అక్కఱలేని మఱొక బరువు, అది యావగింజయంతైనను, మోపుట కెవరికి హక్కున్నది?

నొప్పిమాత్రల మాట వచ్చినది గనుక చెప్పెదను. మిరపకోతకు వంగిన నడుము సాయంకాలమునకు లేవదు. గ్రామవైద్యుడు డైక్లోఫెనాకు సూది వేయును. దానికి జతగా "గ్యాసు సూది" వేయును. కూలిడబ్బులలో ఒక భాగ మిటు పోవును. జతసూది యున్నదను ధైర్యముతో నొప్పిసూది మఱునాడును పడును, ఆ మఱునాడును పడును. ఆమ్లనిరోధకము కడుపును కొంత కాపాడును గాని మూత్రపిండమును కాపాడదు.

మన కారమును గూర్చిన అపవాదము కూడ ఈ మాత్రలకు మంచి మార్కెట్టు తెచ్చినది. "గుంటూరు కారము తినువారికి కడుపులో పుండ్లు రాక యేమగును?" అని పరదేశములవారే కాదు, మనవారును నవ్వుదురు. మిరప పుండును పుట్టింపదు. ఉన్న మంటను కొందఱిలో హెచ్చించును, అది వేఱుమాట. పుండ్లకు మూలము హెలికోబాక్టరు పైలోరై యను సూక్ష్మజీవి యని ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ అనువారు 1980 దశకారంభమున కనుగొనిరి. లోకము నమ్మకపోగా మార్షల్ 1984లో ఆ క్రిములను తానే త్రాగి రోగము తెచ్చుకొని చూపెను. 2005లో వారికి నోబెలు బహుమానము లభించెను. దీనికి చికిత్స ఆమ్లనిరోధకముతో కూడ రెండు క్రిమినాశకములను పదునాలుగు దినములు వాడుట. పదునాలుగు దినములు! పదునాలుగేండ్లు కాదు. పరీక్ష చేయింపక ఉత్త ఆమ్లనిరోధకమునే సాగించినచో మంట అణగును, క్రిమి మిగులును. పైగా ఈ మాత్ర వాడుచుండగా చేసిన పరీక్షలో క్రిమి యున్నను లేనట్లు తోచవచ్చును. అందుచేత రెండు వారములు ముందుగా మాత్ర ఆపి పరీక్షింతురు.

"గ్యాసు" అను ఈ యొక్క మాట మన నాట ఎన్ని ప్రాణములు తీయుచున్నదో! ఛాతి నొప్పి, యెడమచేయి లాగుట, చెమట; ఇవి వచ్చినపుడు మిరపయార్డులో బస్తా మోయువాడును, కోర్టులో వాదించు నావంటివాడును ఒకే మాట యనుచున్నారు: "గ్యాసు పట్టినది; ఒక మాత్ర వేసికొని పడుకొందును." రక్తనాళము మూసికొనిపోవుచుండగా ఆ మాత్రతో గడచిపోవు గంటయే గుండెను కాపాడవలసిన గంట. మా న్యాయవాదుల సంఘములో ఇట్లు పోయిన మిత్రుని నేనెఱుగుదును. ఆయన చొక్కా జేబులో ఆ మాత్రల పట్టీ యుండెను.

ఇంతయు చదివి రేపే మాత్ర పాఱవేయువారుందురేమో యని నాకు భయముగా నున్నది. అట్లు చేయకుడు. పుండు రక్తము స్రవించినవారును, అన్నవాహికకు ఆమ్లముచేత గాయమైనవారును, గుండెకు స్టెంటు వేయించుకొని యాస్పిరినుతోపాటు మఱొక రక్తమును పలుచచేయు మందు వాడుచున్నవారిలో వైద్యుడు అవసరమని తలచినవారును, వృద్ధాప్యమున నొప్పిమాత్ర మానుటకు వీలుకానివారును ఈ కాపుదలను విడువరాదు. మలము నల్లబడినను, రక్తము కక్కినను, మ్రింగుడు కష్టమైనను, బరువు తగ్గుచున్నను మాత్రను నమ్మియుండక పరీక్షకు పోవలెను. మాత్ర మానుట యైనను సాగించుట యైనను వైద్యుని నడిగియే చేయుడు. కాని అడుగుడు.

అడుగు హక్కు మనకున్నది. ఈ మందులు ఔషధ నిబంధనల 'హెచ్' షెడ్యూలులోనివి. చీటీ లేనిదే అమ్మరాదు. కాని పట్టణములో ఏ దుకాణమునకైనను పోయి "గ్యాసు మాత్ర" యనుడు, మీకే తెలియును. 2002 నాటి వైద్యవృత్తి నిబంధనల ప్రకారము రోగి కోరిన 72 గంటలలో ఆసుపత్రి తన దస్తావేజుల నకళ్ళనీయవలెను. 1995లో సుప్రీముకోర్టు వి. పి. శాంత వ్యాజ్యమున వైద్యసేవను వినియోగదారుల చట్టము క్రిందికి తెచ్చినది. అట్టి తీర్పులవలన రోగికి రక్షణ కలిగినది నిజమే. దానితోపాటు, ఏమి వ్రాయకపోయిన ఏమి నింద వచ్చునో యని అన్నియు వ్రాయు నలవాటును కొందఱు వైద్యులలో పెరిగినది. నావృత్తివారు ఈ పాపములో కొంత వాటాను ఒప్పుకొనక తప్పదు. ఒక్క రక్తస్రావమునకు నోటీసు పంపుదుము; అక్కఱలేక నాలుగేండ్లు మ్రింగించిన మాత్రకు నోటీసు పంపిన న్యాయవాదిని నేను చూడలేదు.

ఇపుడు కర్తవ్యము. నేను కోరునది చట్టము కాదు, క్రొత్త శాఖ కాదు. ఆసుపత్రి విడుచు ప్రతి రోగి చేతికి ఇచ్చు చీటీలో ప్రతి మందునకు ఎదురుగా మూడు మాటలు తెలుగులో వ్రాయవలెను: ఎందులకు, ఎప్పుడు, ఎంతవఱకు. "నొప్పిమాత్ర వాడునంతవఱకు, ఉదయము పరగడుపున, తినుటకు అరగంట ముందు, పిమ్మట ఆపవలెను." ఇంతే. మిరపయార్డు తక్‌పట్టీయందు బస్తాల లెక్క, తరుగు, రుసుము ఎంతయో రైతునకు తెలుగులో ఇచ్చుచున్నాము. వాని కడుపులోనికి పోవు వస్తువును గూర్చి మాత్రము వానికి తెలియని భాషలో, అందులోను చదువరాని వ్రాతలో ఇచ్చుచున్నాము. స్వరాజ్యము వచ్చి డెబ్బదియేండ్లు దాటిన పిమ్మటను మన రోగి తన రోగమును పరభాషలో మోసికొనిపోవుచున్నాడు. మా మేనత్త చదువుకొన్నది. తెలుగులో "మూడు వారములు" అని యుండినచో ఇరువది రెండవ దినమున తానే ఆపియుండును, నా సాయము లేకయే.

రెండవది. 2008లో మన దేశమున ఫార్మ్-డి యను ఆఱేండ్ల చదువు ఏర్పడెను. వార్డులలో తిరిగి రోగుల మందులను సమీక్షించుట ఆ విద్యార్థుల శిక్షణలోని భాగము. గుంటూరు చుట్టును ఫార్మసీ కళాశాలలకు కొదువ లేదు. 1946లో స్థాపితమైన గుంటూరు వైద్యకళాశాలకు అనుబంధముగ నున్న పెద్దాసుపత్రిలోను, ఒంగోలు ప్రభుత్వ వైద్యశాలలోను, మంగళగిరి ఎయిమ్స్‌లోను రోగి విడుదలయగు నాటికి ముందు ఒక విద్యార్థి చీటీని చూచి, "ఈ ఆమ్లనిరోధకమునకు కారణమేమి? గడువేది?" అని వైద్యునడుగు పద్ధతి పెట్టినచో వ్యయమేమగును? ఒక కలము. కారణమున్నచో వ్రాయుడు, లేనిచో కొట్టివేయుడు. 2022లో అమెరికా జీర్ణకోశవైద్యుల సంఘము ఈ మందు వాడుచున్న ప్రతివాని విషయమున కారణమును ఎప్పటికప్పుడు సమీక్షింపవలెననియు, కారణము లేనివారికి మాన్పింప యత్నింపవలెననియు సలహా నిచ్చినది. వారి పటాటోపములన్నియు మనకు వలదు. ఈ యొక్కటి తెచ్చుకొనిన చాలును.

మా బృందము రానున్న మాసమున ప్రత్తిపాడు, పెదనందిపాడు ప్రాంతముల పల్లెలకు మఱల పోవుచున్నది. ఈసారి మాతోకూడ ఒక వైద్యుడును, ఇద్దఱు ఫార్మ్-డి విద్యార్థులును వత్తుమని మాట యిచ్చిరి. గృహస్థులు రెండు సంచులను సిద్ధముగా నుంచుకొనవలసినదిగా కోరుచున్నాము.